వాషింగ్టన్ ఇంటిపేరుకు అసలు వారసులు ఎవరు?

ఇంగ్లండ్ ఈశాన్య మూలనున్న డరమ్ ప్రాంతంలోని ఒక చిన్న ఊరి పేరు అమెరికా రాజధానికీ, ఒక రాష్ట్రానికీ, డాలరు నోటు మీది మనిషికీ ఎలా దక్కిందో చాలామందికి తెలుసు. అదే పేరును ఇంటిపేరుగా రాయించుకున్నవారు 2000 నాటి అమెరికా జనాభా లెక్కల్లో సుమారు 1,63,000 మంది ఉన్నారనీ, వారిలో దాదాపు 90 శాతం నల్లజాతివారేననీ, తెల్లవారు అయిదు శాతం దగ్గరే ఆగిపోయారనీ తెలిసినవారు మాత్రం తక్కువ. అదే లెక్కల్లో మొదటి స్థానంలో ఉన్న స్మిత్ ఇంటిపేరువారు 23 లక్షల పైచిలుకు కాగా, వారిలో అత్యధికులు తెల్లవారే. ఈ తేడాను వింతగా చెప్పుకుని వదిలేయడం అన్యాయం. వాషింగ్టన్ అనే ఇంటిపేరు చరిత్రలో మొదటి అధ్యాయాలు ఇంగ్లండ్ మాన్యాలలో నడిచినా, దాన్ని నిలబెట్టి లక్షల మందికి చేర్చినవారు వర్జీనియా పొగాకు తోటల్లో బానిసలుగా బతికినవారు, వారి వంటివారు. దాని మీద మొదటి హక్కు వారిదేనని నా వాదన.

మూలం సంగతి క్లుప్తంగా చెప్పుకుంటే చాలు. 12వ శతాబ్దం చివర్లో విలియం డి హెర్ట్‌బర్న్ అనే భూస్వామి డరమ్ బిషప్పుతో మాన్యాలు మార్పిడి చేసుకుని, వెసింగ్టన్ అనే ఊరికి వచ్చి, పాత ఊరి పేరు వదిలేసి కొత్త ఊరి పేరు పెట్టుకున్నాడు. మన కందుకూరి, గురజాడ వంటి ఇంటిపేర్లలాగే ఇదీ ఊరి నుంచి పుట్టినదే. వాస్సా అనే ఆంగ్లో-శాక్సన్ మనిషి తాలూకువాళ్ల ఊరు అని దాని అర్థంగా చెబుతారు. ఆ వంశంలోని లారెన్స్ అనే ఉన్ని వర్తకుడు 1539లో నార్తాంప్టన్‌షైర్‌లోని సల్‌గ్రేవ్ మాన్యాన్ని కొన్నాడు. అతని సంతతిలోని జాన్ 1650లలో వర్జీనియా చేరాడు. ఆ జాన్ మునిమనవడే జార్జ్ వాషింగ్టన్. వంశ చిహ్నంలోని రెండు ఎర్ర పట్టీలూ మూడు ఎర్ర నక్షత్రాలూ ఈనాటికీ రాజధాని నగరపు జెండా మీద కనిపిస్తాయి. అయితే జార్జ్‌కు సొంత సంతానం లేదు.

ఆయన 1799లో స్వయంగా రాసుకున్న వీలునామాలో ఒక చిన్న మాట ఉంది. తన బానిసలలో తక్షణ విముక్తి ఒక్కరికే ఇచ్చారు. యుద్ధకాలమంతా తన వెంట గుర్రం మీద తిరిగిన ఆ సేవకుడి పేరు రాస్తూ 'విలియం' అని, ఆ పక్కనే కుండలీకరణాలలో 'తనను తాను విలియం లీ అని చెప్పుకొనేవాడు' అని చేర్చారు. 1768లో లీ కుటుంబం నుంచి కొని తెచ్చిన మనిషి అతను. మూడు దశాబ్దాలు ఒకే ఇంట ఉన్నా, ఏటా ముప్పై డాలర్ల భృతి రాసిచ్చినా, ఆ యజమాని కలం అతనికి ఇంటిపేరు ఉందని ఒప్పుకోలేదు. అతను అలా చెప్పుకుంటాడని మాత్రమే నమోదు చేసింది. భూమి మారగానే పేరు మార్చుకున్న హెర్ట్‌బర్న్ ప్రభువు వంశకర్త అయ్యాడు. యజమాని మారినా తన పేరును పట్టుకుని ఉన్న విలియం లీ 'చెప్పుకొనేవాడు'గానే మిగిలాడు.

ఈ పిసినారితనం వెనక చట్టం ఉంది. బిడ్డ స్వేచ్ఛ గానీ దాస్యం గానీ తల్లి స్థితిని బట్టే నిర్ణయం కావాలని వర్జీనియా శాసనసభ 1662లోనే తేల్చింది. దాంతో బానిసల బిడ్డకు చట్టం దృష్టిలో తండ్రి లేకుండా పోయాడు. వారి పెళ్లికి గుర్తింపు లేదు. ఆస్తి లేదు కనుక వారసత్వమూ లేదు. ఇంటిపేరు ఈ మూడింటినీ ఒకేసారి ప్రకటిస్తుంది. భార్యాభర్తలను విడివిడిగా వేలం వేయగలిగిన వ్యవస్థకు వారిద్దరికీ ఉమ్మడి పేరు ఉండటం ఇబ్బందికరమే. అందుకే జార్జ్ వాషింగ్టన్ ఎస్టేటు మౌంట్ వెర్నన్‌లోని 317 మంది బానిసలకు 1799లో తయారైన జాబితాలో పేరు, పని, భార్య లేదా భర్త వివరాలు ఉన్నాయి గానీ, ఇంటిపేర్లు అరుదుగా తప్ప లేవు. 1850, 1860 జనాభా లెక్కల్లోనైతే బానిసలకు మామూలుగా ఒంటి పేరు కూడా దక్కలేదు. యజమాని పేరు కింద వయసు, ఆడా మగా, రంగు రాసి ఊరుకున్నారు.

యజమానులు ఇవ్వని పేరు అంతమందికి ఎలా వచ్చిందన్న ప్రశ్నకు జవాబు సూటిగానే ఉంది: తామే తీసుకున్నారు. గాంబియా నదీతీరంలో పుట్టి, జార్జ్ వాషింగ్టన్‌కు అమ్ముడుపోయిన హ్యారీ 1776లో పారిపోయి బ్రిటిష్ సైన్యంలో చేరాడు. 1783లో న్యూయార్క్ నుంచి ఓడ ఎక్కుతున్నప్పుడు బ్రిటిష్ గుమాస్తాలు రాసిన రిజిస్టరులో 'హ్యారీ వాషింగ్టన్, 43' అని ఉంది. కెనడాలోని నోవా స్కోషియా చేరి, అక్కడి నుంచి 1792లో ఆఫ్రికాలోని సియెర్రా లియోన్‌కు వెళ్లి, అక్కడి వలసను నడిపిన కంపెనీ విధించిన భూమి శిస్తు మీద 1800లో తిరుగుబాటు లేచినప్పుడు దానిలో పాల్గొని బహిష్కరణకు గురయ్యాడు. అన్యాయపు పన్ను మీద తిరగబడిన వాషింగ్టన్లు ఇద్దరన్నమాట. పాఠ్యపుస్తకాలలో ఒకరే కనిపిస్తారు.

1865లో బానిసత్వం రద్దయ్యాక ఈ పని బాహాటంగా సాగింది. సైన్యపు పింఛనుకు, బ్యాంకు ఖాతాకు, కూలి ఒప్పందానికి, బడి హాజరుకు ఇంటిపేరు అవసరమైంది. బుకర్ అనే పిల్లవాడు బడిలో చేరిన రోజున మిగతావారందరికీ కనీసం రెండేసి పేర్లున్నట్టు గమనించి, తన వంతు వచ్చేసరికి తడుముకోకుండా 'బుకర్ వాషింగ్టన్' అని చెప్పాడు. సవతి తండ్రి పేరు వాషింగ్టన్ ఫెర్గూసన్. బహుశా అదే అందుబాటులో ఉండి ఉంటుంది. తల్లి తనకు టాలియఫెరో అనే పేరు ముందే పెట్టిందని తర్వాత తెలిసి, దాన్నీ మధ్యలో చేర్చుకున్నాడు. అతణ్ణి బానిసగా ఉంచిన కుటుంబం బరోస్‌లది. ఆ పేరు అతను తీసుకోలేదు. యజమాని పేరే బానిసకు అంటుకుందన్న తేలిక నమ్మకానికి ఈ ఒక్క ఉదాహరణే గండి కొడుతుంది. 1870 జనాభా లెక్కల నాటికి దక్షిణాదిలో దాస్యం నుంచి బయటపడిన నల్లజాతి కుటుంబాలు తొలిసారిగా పూర్తి పేర్లతో నమోదయ్యాయి.

ఇవన్నీ దాస్యపు ఆనవాళ్లేనని, వాటిని వదిలించుకోవడమే విముక్తి అని 20వ శతాబ్దపు నల్లజాతి నాయకుడు మాల్కమ్ ఎక్స్ వాదించారు. కాషియస్ క్లే 1964లో మహమ్మద్ అలీ అయ్యింది కూడా ఆ వాదంతోనే. అందులో నిజం లేకపోలేదు. జార్జ్ తర్వాత మౌంట్ వెర్నన్‌కు వారసుడైన తమ్ముడి కొడుకు, సుప్రీంకోర్టు న్యాయమూర్తి బుష్‌రాడ్ 1821లో 54 మందిని లూసియానాకు అమ్మేశాడు. అతని ఇంటిపేరూ వాషింగ్టనే. అయినా ఈ వాదం పేరు పెట్టే శక్తి తెల్లవాడి చేతిలోనే ఉందన్న లెక్కతో మొదలవుతుంది. హ్యారీ, బుకర్ ఆ లెక్కను తమ కాలంలోనే తప్పని తేల్చారు.

పిలుపు మీద అధికారం ఎవరిదన్నది అమెరికాకే పరిమితమైన తగవు కాదు. ఎల్లయ్యను అరవై ఏళ్లు వచ్చినా 'ఎల్లిగా' అని, మల్లమ్మను 'మల్లీ' అని పిల్లకామందులు సైతం పిలిచిన తెలుగు పల్లెలకు, పండు ముసలిని 'బోయ్' అని పిలిచిన తోట యజమానుల అలవాటు కొత్తగా అనిపించదు. అమెరికాలో నల్లజాతివారి విముక్తికి పాటుపడినవారికి జ్యోతిరావు ఫూలే 1873లో తన 'గులాంగిరి'ని అంకితమిచ్చింది ఈ పోలికను గుర్తించే. కులం పైమెట్టున ఉన్నవారు రెడ్డి, శర్మ, చౌదరి తోకలను కత్తిరించుకుంటే దాన్ని అభ్యుదయం అంటాం. గౌరవవాచకమే దక్కనివారు 'అయ్య' అని, 'గారు' అని పూర్తిగా పిలవమంటే మాత్రం పొగరు అంటాం.

ఇంటిపేర్ల నిఘంటువులు, వంశవృక్షాలు అల్లే వెబ్‌సైట్లు వాషింగ్టన్ దగ్గరికొచ్చేసరికి డరమ్ ఊరితో మొదలుపెట్టి మౌంట్ వెర్నన్ దగ్గర ముగిస్తాయి. ఆ పేరున్నవారిలో పదింట తొమ్మండుగురికి సల్‌గ్రేవ్ మాన్యంతో సంబంధం ఉండే అవకాశం బహు స్వల్పమని తెలిసి కూడా, అదే వంశ చిహ్నాన్ని అచ్చువేసి అమ్మజూపే వ్యాపారమూ ఉంది. ఇంగ్లండ్ సంప్రదాయం ప్రకారం చిహ్నం వ్యక్తికీ అతని వారసులకూ చెందుతుంది తప్ప ఇంటిపేరుకు చెందదు కనుక, ఆ సరుకు తెల్ల వాషింగ్టన్లలో చాలామందికీ దక్కనిదే. నిఘంటువులో కావలసింది 1783 నాటి రిజిస్టరు పద్దు, 1870 నాటి జనాభా పట్టిక. అవి రెండూ ప్రభుత్వ దస్త్రాలే, ఎవరైనా చూడగలిగినవే. వాటిని పక్కనపెట్టి వాస్సా ఎవరన్న దాని మీద పేజీలు నింపడం సంకలనకర్తలు కావాలని చేసుకున్న ఎంపిక.