మూడో కుర్చీలో ఎవరు కూర్చోవాలి?

పొలం గట్టు దగ్గర తగువొస్తే ఏం చేస్తారో మా సిక్కోలు పల్లెల్లో పుట్టినవాళ్లకు చెప్పక్కర్లేదు. ఈ పక్షానికి ఒక పెద్దమనిషి, ఆ పక్షానికి ఒక పెద్దమనిషి, ఇద్దరికీ సమ్మతమైన మూడో మనిషి. ఆ మూడో మనిషి ఎవరన్న దగ్గరే సగం పూట గడిచిపోతుంది. ఎవరైనా తన బావమరిదిని తెచ్చి ఆ మూడో చోట కూర్చోబెడితే, రెండోవాడు భుజం మీద తువ్వాలు దులుపుకుని లేచిపోతాడు. లేచిపోయినందుకు ఊళ్లో అతన్ని ఎవరూ తప్పుపట్టరు.

దేశమంతటికీ ఎన్నికలు నడిపే ముగ్గురు ఎన్నికల కమిషనర్లను ఎంచుకునే చోట మనకు ఈపాటి కట్టుబాటు కూడా లేకుండా పోయింది. 2023 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన చట్టం ప్రకారం ఎంపిక కమిటీలో ప్రధాని, లోక్‌సభలో ప్రతిపక్ష నేత, ప్రధాని నామినేట్ చేసే ఒక కేంద్ర కేబినెట్ మంత్రి ఉంటారు. తలుపు తీసి లోపలికి వెళ్లకముందే లెక్క రెండు, ఒకటి.

దీని వెనకున్న కథ అందరికీ తెలిసిందే. 2022 నవంబరులో ఒక ఐఏఎస్ అధికారి స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకున్న మర్నాటికల్లా ఎన్నికల కమిషనర్ అయిపోయారు. ఆ ఫైలు అంత వేగంగా ఎలా కదిలిందని సుప్రీంకోర్టే అడిగింది. 2023 మార్చి 2న జస్టిస్ కె.ఎం. జోసెఫ్ నేతృత్వంలోని అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, పార్లమెంటు చట్టం చేసేదాకా ప్రధాని, ప్రతిపక్ష నేత, భారత ప్రధాన న్యాయమూర్తి కలిసి ఎంపిక చేయాలని తీర్పిచ్చింది. ఏడాది తిరక్కుండానే చట్టం వచ్చింది. న్యాయమూర్తి కుర్చీలోకి మంత్రి వచ్చారు.

ఢిల్లీ గొడవ మనకెందుకు అనుకునేవాళ్ల కోసం ఒక్క మాట. మన శ్రీకాకుళం ఎంపీ కింజరాపు రామ్మోహన్ నాయుడు ఇప్పుడు కేంద్ర కేబినెట్ మంత్రి. ప్రధాని తలచుకుంటే ఆ మూడో కుర్చీలో ఆయన్నే కూర్చోబెట్టొచ్చు, చట్టం అడ్డు చెప్పదు. మనవాడే కూర్చున్నాడనుకుందాం. ప్రధాని ఒక పేరు చెబితే, ‘ఈ పేరు నాకు సమ్మతం కాదు’ అని ఆయన అనగలరా? అనలేరు. అది ఆయన ధైర్యానికి సంబంధించిన సంగతే కాదు. కేబినెట్ సమష్టి బాధ్యత అంటేనే అది. ప్రధానితో విభేదించిన మంత్రి రాజీనామా చేసి బయటికి రావాలి తప్ప లోపల కూర్చుని ఎదురు ఓటు వేయడానికి లేదు. ఎంత మంచి మనిషిని తెచ్చి కూర్చోబెట్టినా ఆ కుర్చీకి సొంత గొంతు ఉండదు.

ఆ గదిలో ప్రతిపక్షం పని ఎలా ఉందో కూడా చూశాం. 2024 మార్చి 14న ఇద్దరు కమిషనర్లను ఎంపిక చేసినప్పుడు, ముందురోజు రాత్రి తనకు 212 పేర్లు ఇచ్చారని, అందులోంచి వడగట్టిన ఆరు పేర్లు సమావేశానికి పది నిమిషాల ముందే చేతికొచ్చాయని అప్పటి లోక్‌సభ కాంగ్రెస్ నేత అధీర్ రంజన్ చౌధురి బయటికొచ్చి చెప్పారు. ఆరుగురు మనుషుల చరిత్ర పది నిమిషాల్లో చదవాలి! పిల్లకు సంబంధం చూస్తే అబ్బాయి గురించి నాలుగు ఊళ్లు తిరిగి వాకబు చేసే జనం మనం. 2025 ఫిబ్రవరిలో ప్రధాన కమిషనర్ ఎంపిక దగ్గర రాహుల్ గాంధీ అసమ్మతి రాసి ఇచ్చారు. నియామకం ఆగలేదు. కమిటీలో ఖాళీ ఉన్నా సరే నియామకం చెల్లుతుందని చట్టంలోనే రాసుకున్నారు. ముందుగా పేర్లు వడగట్టే సెర్చ్ కమిటీ ఇచ్చిన అయిదు పేర్లను పక్కనపెట్టి బయటి పేరు తీసుకోవచ్చని కూడా రాసుకున్నారు.

‘డెబ్బై ఏళ్లు ప్రభుత్వాలు ఒంటిచేత్తోనే నియమించాయి, ఇప్పుడు ప్రతిపక్షానికి కుర్చీ అయినా ఉంది కదా, సుకుమార్ సేన్, శేషన్ లాంటి గట్టి ప్రధాన కమిషనర్లు ఆ పాత పద్ధతిలోనే వచ్చారు కదా’ అనేవాళ్లున్నారు. నిజమే, వచ్చారు. అది మన అదృష్టం. ఆ శేషన్ పట్టు బిగించాక ఏమైందో గుర్తులేదా? 1993 అక్టోబరులో ఆయన పక్కన ఇంకో ఇద్దరు కమిషనర్లను తెచ్చిపెట్టారు. అప్పుడున్నది కాంగ్రెస్ ప్రభుత్వం. ఏ పార్టీ అయినా దొరికిన తాళంచెవిని వదులుకోదు.

నేను కోరేది ఒక్కటే. ముగ్గురూ ఒప్పుకున్న పేరే రాష్ట్రపతి దగ్గరికి వెళ్లాలి. మూడో మనిషి ప్రధాన న్యాయమూర్తే కానక్కర్లేదు. కానీ ఆ మనిషి ప్రధాని కింద పనిచేసేవారు కాకూడదు. నెలలోగా ఏకాభిప్రాయం కుదరకపోతే పేరు పార్లమెంటు ముందుకు రావాలి, మూడింట రెండొంతుల మంది ఆమోదించాలి. ఇదేం కొత్త ఆలోచన కాదు. 1949 జూన్‌లో రాజ్యాంగ సభలో శిబ్బన్‌లాల్ సక్సేనా సరిగ్గా ఈ మూడింట రెండొంతుల షరతే అడిగారు. పదవికి ఎంత భద్రత ఇచ్చినా, ప్రభుత్వం చెప్పుచేతల్లో ఉండే మనిషి ఆ పదవిలోకి రాకుండా ఆపే ఏర్పాటు లేకపోతే లాభం లేదని అంబేద్కరే ఒప్పుకున్నారు. పరిష్కారాన్ని మాత్రం పార్లమెంటు చేసే చట్టానికి వదిలేశారు. ఆ చట్టం రావడానికి డెబ్బై నాలుగేళ్లు పట్టింది. వచ్చింది ఇలా!

మన రాష్ట్రంలో దీని రుచి 2020లోనే చూశాం. కరోనా పేరుతో స్థానిక ఎన్నికలు వాయిదా వేసిన రాష్ట్ర ఎన్నికల కమిషనర్‌ను, పదవీకాలం అయిదేళ్ల నుంచి మూడేళ్లకు తగ్గిస్తూ ఏప్రిల్ 10న ఆర్డినెన్సు తెచ్చి ఇంటికి పంపారు. మే 29న హైకోర్టు ఆ ఆర్డినెన్సును కొట్టేసింది. అప్పుడు కమిషన్ స్వతంత్రత గురించి గట్టిగా మాట్లాడిన తెలుగుదేశం ఇప్పుడు కేంద్రంలో భాగస్వామి. అప్పుడు కమిషనర్‌ను తీసేసిన వైఎస్సార్ కాంగ్రెస్, 2024లో ఓడాక పేపర్ బ్యాలెట్ కావాలంది. అధికారం మారితే మాట మారుతోంది. అందుకే ఇది నాయకుల మంచితనానికి వదిలేసే విషయం కాదు.

ఇక నన్ను ఎక్కువ బాధపెడుతున్న సంగతి చెబుతాను. కమిషన్‌లో కూర్చునేవాళ్లు పోలింగ్ తేదీలు ప్రకటించి ఊరుకోరు. ఓటర్ల జాబితాలో ఎవరుండాలో, ఎవరు పోవాలో తేల్చే ఆదేశాలు వాళ్లవే. 2025లో బీహార్ ప్రత్యేక సవరణలో ముసాయిదా జాబితా నుంచి దాదాపు 65 లక్షల పేర్లు పోయాయి. ఎవరి పేరు ఎందుకు తీశారో కారణాలతో ప్రకటించమని సుప్రీంకోర్టు చెప్పేదాకా ఆ వివరం జనానికి అందలేదు. బీహార్‌లాగే మనదీ వలస జిల్లా. మన మేస్త్రీలు చెన్నైలో, కూలీలు హైదరాబాద్‌లో, మత్స్యకారులు గుజరాత్ వెరావల్‌లో ఉంటారు.

2024 మే 13న మా వీధి చివర బూత్ బయట చీటీలు రాసే కుర్రాళ్ల ముందు ఒకావిడ నిలబడింది. చెన్నైలో బిల్డింగ్ పని, జనరల్ బోగీలో రాత్రంతా నిలబడి ఆమదాలవలసలో దిగిందట. కాళ్లు వాచిపోయి చెప్పులు చేత్తో పట్టుకుంది. కుర్రాడు వేలు పెట్టి పై నుంచి కింద దాకా రెండుసార్లు జాబితా చూశాడు. పేరు లేదు. ‘ఊళ్లో ఉండటం లేదని తీసేసుంటారు పిన్నీ’ అన్నాడు. ‘ఊరొగ్గీసి పోనేదు బాబూ, పనికెల్లినాను’ అంది. అదే మాట ఇంకో ఇద్దరికి చెప్పింది. తర్వాత మా అరుగు మీద కూర్చుని మంచినీళ్లు తాగి, మర్నాడు పనిలో ఉండాలని సాయంత్రం బండికే తిరిగి వెళ్లిపోయింది.

చట్టం ఆవిడ పక్షానే ఉంది. తాత్కాలికంగా ఊరు విడిచి వెళ్లినంత మాత్రాన ఆ ఊరి నివాసి కాకుండా పోరని 1950 ప్రజా ప్రాతినిధ్య చట్టం 20వ సెక్షన్ చెబుతోంది. సాలూరు కొండల్లో కొటియా గ్రామాల్లో ఆంధ్రా, ఒడిశా రెండు ఓటరు కార్డులూ ఉన్నవాళ్లున్నారు, అక్కడ పేరు కోసం రెండు రాష్ట్రాలూ పోటీపడతాయి. చెన్నైలో ఇటుకలు మోసే మన మనిషికి ఒక్క ఓటుకూ గతి లేదు. వలస ఓటరు ఉన్నచోటి నుంచే ఓటు వేసే యంత్రాన్ని 2023 జనవరిలో కమిషన్ పార్టీలకు చూపించబోయింది, పార్టీలు అభ్యంతరం చెప్పాయి, అది అక్కడే ఆగింది. అన్ని పక్షాలూ ఒప్పుకున్న కమిషనర్లు ఉంటే ఆ పెట్టెను మళ్లీ బయటికి తీసి, అనుమానాలు ఉన్నవాళ్లందరినీ కూర్చోబెట్టి తేల్చే ధైర్యం చేయగలరు. ఒక పక్షం తెచ్చినవాళ్లు అదే పని చేస్తే రెండో పక్షం నమ్మదు, నమ్మమని అడగడమూ న్యాయం కాదు. ఆ చెన్నై ఆవిడ ఓటరుగా పేరు చేర్చుకునే ఫారం 6 మళ్లీ నింపింది. ఈసారి బండెక్కే ముందు జాబితాలో పేరుందో లేదో ఫోన్ చేసి చెప్పమని నా నంబరు రాసుకుంది.