చేపపిల్లలు

(విశాఖపట్నం, ఎంవీపీ కాలనీ. సాయంత్రం ఆరు. సూర్యారావు పెరట్లో కుండీలకు నీళ్ళు పోస్తున్నాడు. పార్వతి చేతిలో దోమల బ్యాట్. బ్యాట్‌లో ఛార్జింగ్ లేదు. ఆవిడలో నిండుగా ఉంది.)

పార్వతి: ఏవండీ, వేపాకు పొగ వేశాను. దగ్గింది నేను, దోమలు కాదు. సముద్రపు గాలికి దోమ నిలవదన్నారు కదా ఇల్లు కొన్నప్పుడు?

సూర్యారావు: గాలి ఉంటే నిలవదే. ఇవాళ ఆకు కదలడం లేదు. అయినా బంతి మొక్కలు పెట్టాను కదా!

పార్వతి: ఆ బంతిపువ్వు మీదే కూర్చుంది ఒకటి.

సూర్యారావు: మగదేమో. అది కుట్టదు, పూలతేనె తాగి బతుకుతుంది పాపం. గుడ్ల కోసం రక్తం తాగేది ఆడదే. దోమే మలేరియా మోస్తుందని 1897లో రాస్ దొర సికింద్రాబాద్‌లో కనిపెట్టాడు, తెలుసా?

పార్వతి: మీ కుండీల కింద పళ్ళాలు కనిపెట్టలేదు. పట్టపగలు నా కాళ్ళు పీకుతున్నదెవరు?

సూర్యారావు: ఏడిస్. డెంగీ దోమ. ఒంటి మీద తెల్ల చారలుంటాయి. మంచినీళ్ళలో పుడుతుంది. అంతా ఆ మురుగుకాలువ వల్లే.

పార్వతి: మంచినీళ్ళన్నారు, మళ్ళీ మురుగుకాలువేంటి?

సూర్యారావు: (కాసేపు ఆగి) నీ ఫ్రిజ్ వెనక ట్రే చూశావా?

పార్వతి: శుక్రవారం శుక్రవారం పారబోసి, తోముతున్నాను. నీళ్ళు నిలవుంచకూడని డ్రై డే అని కార్పొరేషన్ వాళ్ళొచ్చి చెబితే తల ఊపింది మీరు, చేస్తున్నది నేను.

సూర్యారావు: నేను మాత్రం ఊరుకున్నానా? తామర తొట్టిలో గప్పీ చేపలు వేశాను. దోమ పురుగుల్ని గుటుక్కున మింగుతాయి. పిల్లల్ని కూడా పెట్టాయి!

పార్వతి: ఏవీ?

సూర్యారావు: (మనీప్లాంట్ సీసా గర్వంగా ఎత్తి) ఇవిగో. గప్పీలు తమ పిల్లల్నే తినేస్తాయి. నోరు తెరుచుకుని మీదకొస్తుంటే చెంచాతో తోడి కాపాడాను. రోజూ చిటికెడు బియ్యప్పిండి వేస్తున్నాను.

పార్వతి: (కళ్ళజోడు పెట్టుకుని) చేపలైతే ఈదాలి కదా, తలకిందులుగా వేలాడుతున్నాయేటండీ?

సూర్యారావు: చిన్నపిల్లలు. ఆడుకుంటున్నాయి.

(సీసాలోంచి ఒకటి లేచి, ఆయన బట్టతల మీద వాలింది.)

పార్వతి: కదలకండి. మీ పెద్దపిల్లకి రెక్కలొచ్చాయి. (ఫట్! సీసా లాక్కుని తామర తొట్టి వైపు నడిచింది.)

సూర్యారావు: ఆగవే! వారం నుంచి పెంచుతున్నానే!

పార్వతి: ఆ పిండి బలమేనన్నమాట, నా కాళ్ళ మీద చూపిస్తున్నది. (తొట్టిలో ఒంపేసింది. గప్పీలు మూగాయి.)

సూర్యారావు: (తల రుద్దుకుంటూ) దోమ వాలి ఊరుకుంది. నొప్పి పెట్టింది మాత్రం ఆడదే.