హాస్టల్ మూడో అంతస్తులో సైతాను

విజయవాడ శివార్లలో, జాతీయ రహదారి పక్కన, చెట్టన్నది లేని ఆవరణలో నిలబడిన ఒకానొక కార్పొరేట్ జూనియర్ కళాశాలలో ఈ మధ్య సైతాను పట్టుబడ్డాడు. పట్టుబడింది హాస్టల్ మూడో అంతస్తులో, సీనియర్ ఇంటర్ ఎంపీసీ చదువుతున్న ఒక కుర్రవాడి ట్రంకుపెట్టెలో. బీసెంట్ రోడ్డు ఫుట్‌పాత్ మీద బేరమాడి కొన్న నల్ల టీషర్టు ఒకటి, దాని మీద జుట్టు విరబోసుకున్న పుర్రె, దాని కింద రఫ్ నోట్‌బుక్కులో ఎర్ర బాల్‌పెన్నుతో ఎక్కించుకున్న, హెవీ మెటల్ అనే గిటారు హోరు సంగీతం తాలూకు ఇంగ్లీషు పాటలు. వార్డెన్‌గారు ఆ చొక్కాను రెండు వేళ్ళతో ఎత్తిపట్టి, దూరంగా జరిపి మోస్తూ ప్రిన్సిపాల్‌గారి గదికి చేర్చారు. ఆ పాటల్లో మతాన్నీ సమాజాన్నీ ఏమేం అన్నారో నిగ్గు తేల్చడానికి యాజమాన్యం అప్పటికప్పుడు ఒక విచారణ సంఘాన్ని వేసింది. పత్రికల్లో అప్పుడప్పుడు నాలుగు ముక్కలు గిలుకుతానన్న పాపానికి నన్ను బయటి సభ్యుడిగా పిలిచారు కనుక ఈ చారిత్రక ఘట్టానికి నేను ప్రత్యక్ష సాక్షిని.

సంఘంలో యాజమాన్యం తరఫున ఏజీఎంగారు (అసిస్టెంట్ జనరల్ మేనేజరు), వార్డెన్‌గారు, లెక్కల లెక్చరర్‌గారు, సంస్కృతం లెక్చరర్‌గారు ఉన్నారు. కవిత్వానికి అర్థం చెప్పే పని కదా, తెలుగు లెక్చరర్ లేరా అని అడిగాను. మార్కుల కోసం పిల్లలందరి చేతా సంస్కృతమే తీయిస్తారు కనుక ఆ పోస్టు ఎన్నడో ఎత్తేశారని ఏజీఎంగారు సవినయంగా మనవి చేశారు. కాళిదాసు శ్లోకం ఒక్కటైనా నోటికి రాకుండానే నూటికి తొంభై తొమ్మిది తెప్పించగల దిట్ట అయిన ఆ సంస్కృత పండితుల చేతిలో కుర్రవాడి భవిష్యత్తు పెట్టి కార్యక్రమం ప్రారంభించారు.

మొదటి పాట ‘వార్ పిగ్స్’. 1970లో బ్లాక్ సబ్బాత్ అనే బృందం పాడింది. కుర్రవాడు చేతులు కట్టుకుని నిలబడి, ఆ బృందం వాళ్ళు ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ అనే కార్ఖానాల ఊరివాళ్ళని, గిటారు వాయించే టోనీ అయోమీ పదిహేడేళ్ళప్పుడు రేకుల ఫ్యాక్టరీలో మిషను కింద రెండు వేళ్ళ చివరలు పోగొట్టుకుని, ప్లాస్టిక్ సీసా కరిగించి తొడుగులు చేసుకుని మరీ వాయించాడని చెప్పబోయాడు. వేళ్ళు తెగినవాడు చివరికి ఏ ర్యాంకు తెచ్చుకున్నాడో చెప్పమని లెక్కల లెక్చరర్‌గారు మధ్యలో ఆపారు. ర్యాంకు వివరాలు కుర్రవాడి దగ్గర లేకపోవడంతో ఆ విషయాన్ని అంతటితో వదిలేసి, పందుల దగ్గరికి వచ్చారు.

“ఏరా, ఈ పందులెవరు?” అన్నారు ఏజీఎంగారు.

“మిలటరీ జనరల్సండి సార్. పెద్దవాళ్ళు యుద్ధాలు పెట్టి తాము దాక్కుని, బీదవాళ్ళని చావడానికి పంపిస్తారని పాటండి. వియత్నాం యుద్ధం నాటిదండి.”

“మరి సైతాను ఎందుకొచ్చాడు?”

“ఆఖర్న దేవుడు తీర్పు చెప్తాడండి. వాళ్ళంతా మోకాళ్ళ మీద పడి క్షమించమంటారండి. అప్పుడు నవ్వుతాడండి.”

“ఎవరు నవ్వేది? దేవుడా?”

“సైతానండి.”

“చూశారా!” అని ఏజీఎంగారు బల్ల చరిచారు. వార్డెన్‌గారు రాసుకున్నారు: సైతాను ఉన్నాడు, సంతోషంగా ఉన్నాడు.

ఏ ఆదివారం బడిలోనైనా చెప్పే నీతే ఇది. యుద్ధం పెట్టి లాభం తినేవాడికి నరకం తప్పదని పాట చెబుతోంది. రాసిన గీజర్ బట్లర్ ఐరిష్ కేథలిక్ ఇంట్లో పెరిగినవాడు. కుర్రవాడి నోట్‌బుక్కులో రెండో పాట, అదే బృందం 1971లో పాడిన ‘ఆఫ్టర్ ఫరెవర్’. దేవుణ్ణి నమ్ముతానని పైకి చెబితే స్నేహితులు ఏమనుకుంటారోనని భయపడే మనిషిని ఆ పాట నిలదీస్తుంది. సంఘం ఆ పేజీ తిప్పనే లేదు. మొదటి పాటలోనే కావలసిన సాక్ష్యం దొరికాక రెండోది చదవడం కాలహరణమని సభ్యులు ఏకగ్రీవంగా అభిప్రాయపడ్డారు.

తరువాతి చర్చను నేను మరికొంత విస్తరంగా నమోదు చేయక తప్పదు. పందిని దుష్టుడికి ప్రతీకగా వాడటం దశావతారాల్లో మూడోదైన వరాహమూర్తికి అవమానమని సంస్కృతం లెక్చరర్‌గారు ఆక్షేపించారు. అవమానం జరిగింది తమ మతానికేనని, సైతాను మాట ఎత్తినప్పుడే అది తేలిపోయిందని, గుణదల కొండెక్కి కొవ్వొత్తి వెలిగించి వచ్చిన లెక్కల లెక్చరర్‌గారు అడ్డుపడ్డారు. ఎవరి మతం ఎక్కువ అవమానానికి గురైందన్న దాని మీద ఇద్దరు విజ్ఞులూ ఒక టీ, ఒక సమోసా, మళ్ళీ ఒక టీ పూర్తయ్యేదాకా వాదించుకున్నారు. ఒక దశలో లెక్కల లెక్చరర్‌గారు బోర్డు దగ్గరకు వెళ్ళి సైతాను పేరు ఎన్ని చరణాల్లో వచ్చిందో, పందులు ఎన్ని చరణాల్లో వచ్చాయో రెండు నిలువు వరసల్లో వేసి చూపించారు. పందులు టైటిల్లోనే ఉన్నాయి కనుక వాటికి వెయిటేజీ ఇవ్వాలని సంస్కృతం లెక్చరర్‌గారు పట్టుబట్టారు. చివరికి ఏజీఎంగారు, “రెండూ రాసేయండి, పేరెంట్స్‌లో అందరూ ఉంటారు కదా” అని రాజీ కుదిర్చారు. కుర్రవాడు అంతసేపూ నిలబడే ఉన్నాడు. యుద్ధంలో చచ్చినవాళ్ళ ప్రస్తావన మినిట్స్‌లోకి ఎక్కలేదు.

టీషర్టు మీది పుర్రె ఐరన్ మెయిడెన్ బృందం తాలూకు బొమ్మ. ఆ బృందం 1982లో ‘ద నంబర్ ఆఫ్ ద బీస్ట్’ తెచ్చినప్పుడు అమెరికాలో కొందరు భక్తులు ఆ రికార్డులను రాశులు పోసి తగలబెట్టారు. పొగ పీలిస్తే ఏమవుతుందోనని జంకినవాళ్ళు సుత్తులతో పగలగొట్టారు. ఒక భయం సినిమా చూసి పడుకుంటే వచ్చిన పీడకలను ఆ బృందంలోని స్టీవ్ హారిస్ పాటగా రాశాడన్నది వాళ్ళకు పట్టలేదు. బైబిల్లో మృగానికి గుర్తుగా చెప్పిన 666 అంకె ఆ పాటలో ఉందని వినగానే మన లెక్కల లెక్చరర్‌గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. అదే అంకె ఈఏపీసెట్ ర్యాంకుగా వచ్చి ఉంటే, కుర్రవాడి ఫొటోతో బెంజి సర్కిల్లో ఫ్లెక్సీ కట్టించి ఉండేవారు. దసరాకు ఇంద్రకీలాద్రి మీద మహిషాసురమర్దిని అలంకారానికి క్యూలో నిలబడి దండం పెట్టుకుని వచ్చే మనం, మెడలో కపాలమాల ఉన్న కాళిని తల్లీ అని పిలిచే మనం, చొక్కా మీది పుర్రెకు జడుసుకుంటున్నాం.

మూడో పాట మెటాలికా బృందం 1986లో పాడిన ‘లెపర్ మెసయ్య’. డబ్బు పంపు, స్వర్గం దొరుకుతుంది అని టీవీలో ఊరించే బోధకుల మీద ఎక్కుపెట్టిన పాట. ఇది అమెరికా వ్యవహారమని, మనకు వర్తించదని సంఘం తీర్మానించే సమయానికి క్యాంటీన్ టీవీలో ఒక స్వామివారు ధనాకర్షణ యంత్రాన్ని చూపిస్తూ, స్క్రీన్ మీది నంబరుకు వెంటనే ఫోన్ చేయమంటున్నారు. వార్డెన్‌గారు గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుని రిమోట్ అందుకున్నారు. మీట నొక్కితే వచ్చిన ఛానల్లో మరో బోధకుడు ప్రార్థన నూనె సీసా పట్టుకుని ఉన్నాడు.

ఆ మెటాలికా గాయకుడు జేమ్స్ హెట్‌ఫీల్డ్ తల్లి క్యాన్సర్‌తో పోయింది. ప్రార్థనే మందు అని నమ్మే శాఖ వాళ్ళది, వైద్యం వద్దనుకున్నారు. ఆ దుఃఖం మీద 1991లో అతను రాసిన పాటలో దేవుడి మీద కోపం ఉంటే ఉండవచ్చు. షుగర్ మాత్రలు ఆపేసి తాయెత్తు కట్టించుకున్న మనిషిని చివరికి పెద్దాసుపత్రి క్యాజువాలిటీకి మోసుకొచ్చిన కొడుకులకు ఆ పాట ఎవరూ వివరించనక్కరలేదు. సంఘానికి వివరించాలి.

ఇక గబ్బిలం. బ్లాక్ సబ్బాత్‌లో ‘వార్ పిగ్స్’ పాడిన ఆజీ ఆస్బర్న్ 1982లో అమెరికాలోని డిమోయిన్ నగరంలో, రబ్బరు బొమ్మ అనుకుని, వేదిక మీద గబ్బిలం తల కొరికిన సంగతి ఏజీఎంగారికి వాట్సాప్‌లో వచ్చింది. దాని మీద సంఘం చాలాసేపు వణికింది. గుంటూరు సీమలో గబ్బిలం పేరెత్తితే గుర్తుకు రావలసింది వేరే. వినుకొండలో పుట్టిన జాషువా 1941లోనే గబ్బిలాన్ని శివుడి దగ్గరికి రాయబారం పంపాడు. మనిషిని గడప తొక్కనివ్వని గుడిలో గబ్బిలం తలకిందులుగా వేలాడవచ్చు, శివుడి చెవి దానికి దగ్గర, పూజారి లేని వేళ చూసి నా కథ చెప్పు అని ఒక అంటరానివాడి చేత అడిగించాడు. మతం మీద, సమాజం మీద ఇంతకంటే గట్టిగా ఏ గిటారు అరిచింది? చిత్తశుద్ధి లేని శివపూజలెందుకని వేమన ఏనాడో కడిగేశాడు. పురాణాలను తెనాలి కవిరాజు త్రిపురనేని రామస్వామి చౌదరి తిరగేసి రాశాడు. గోరా నాస్తిక కేంద్రం 1947 నుంచి ఈ ఊళ్ళోనే పటమటలో ఉంది. వీళ్ళ విగ్రహాలకు పుట్టినరోజుకొక దండ వేసి, ఫొటో దిగి, వీళ్ళు రాసింది మాత్రం పిల్లవాడి కంట పడకుండా జాగ్రత్త పడ్డాం. కడుపులో ఉన్న అదే ప్రశ్న వాడికి బర్మింగ్‌హామ్ నుంచి ఇయర్‌ఫోన్లలో వినిపిస్తే విచారణ సంఘం వేశాం.

మన సంఘానికి ఘనమైన పూర్వీకులున్నారని కూడా చెప్పాలి. 1985లో అమెరికా సెనేట్ ఇలాంటి విచారణే జరిపింది. ట్విస్టెడ్ సిస్టర్ బృందం పాట ఒకదానిలో హింసాకాముకత ఉందని పెద్దింటి ఆడవారు తేల్చారు. గాయకుడు డీ స్నైడర్ వచ్చి, అది తమ గిటారిస్టు గొంతు ఆపరేషన్ ముందు పడ్డ భయం గురించిన పాటని చెప్పాడు. ఆపరేషన్ బల్ల వాళ్ళకు అలా కనిపించిందంటే తప్పు బల్లది కాదు.

1990లో నెవాడా రాష్ట్రం రెనో పట్టణంలో జరిగింది ఇంకా విచిత్రం. జూడాస్ ప్రీస్ట్ అనే బృందం పాటలో దాగిన సందేశం విని ఇద్దరు కుర్రవాళ్ళు ప్రాణం మీదికి తెచ్చుకున్నారని దావా. పాటలను వెనక్కి తిప్పి వినిపించారు. గాయకుడు రాబ్ హాల్‌ఫర్డ్ తన పాటలనే వెనక్కి తిప్పి కోర్టులో వినిపిస్తే, పిప్పరమెంటు బిళ్ళ అడిగాను, ఒకటి తెమ్మన్నాను అన్నట్టు వినబడింది. జడ్జి దావా కొట్టేశాడు. ఈ కథ చెప్పడం నా పొరపాటు, ఎందుకంటే ఏజీఎంగారు వెంటనే పాటలను వెనక్కి తిప్పే యాప్ ఉందా అని అడిగారు. నేను మాత్రం, వీలైతే కళాశాలవారి టీవీ ప్రకటనను కూడా తిప్పి వినాలని సూచించాను. ఒకటి, ఒకటి, ఒకటి, ఒకటి అని ఊపిరి తీయకుండా ర్యాంకులు చదివే ఆ గీతం ముందుకు విన్నా వెనక్కి విన్నా ఒకేలా ఉంటుందని నా అనుమానం. నా సూచనను నమోదు చేయలేదు.

చివర కుర్రవాడి తండ్రిని పిలిపించారు. సత్తెనపల్లి దగ్గరి మిర్చి రైతు. యార్డులో బస్తాలు దించి అటునుంచి అటే వచ్చినట్టున్నాడు, కూర్చోమంటే కూర్చోలేదు. ప్రిన్సిపాల్‌గారు పుర్రె చూపించారు, సైతాను నవ్విన చరణం చదివి వినిపించారు. ఆయన అంతా విని, “అదంతా నాకు తెలవదు గానీ సార్, మావోడు బాగా చిక్కిపోయాడు. రోజూ ఎన్నింటికి పడుకుంటున్నాడండీ?” అన్నాడు.

ఎవరూ జవాబు చెప్పలేదు. జవాబు నోటీసు బోర్డు మీద ఉంది. ఉదయం అయిదింటికి లేవాలి, అయిదున్నరకు స్టడీ అవర్, రాత్రి పదిన్నరకు చివరి స్టడీ అవర్ ముగింపు, ఆదివారం వీకెండ్ ఎగ్జామ్. మార్కులు తగ్గితే సోమవారం పొద్దున సెక్షన్ మారుస్తారు, పెట్టె మోసుకుంటూ వరండాలో అందరి ముందు నడవాలి. ప్రైవేటు రెసిడెన్షియల్ కళాశాలల్లో పిల్లలు ఎందుకు చచ్చిపోతున్నారో చూడమని ప్రభుత్వం 2001లోనే నీరదారెడ్డి కమిటీని వేసింది. ఆ ఏడాది ఈ కుర్రవాడు పుట్టనే లేదు. ఆ నివేదికను వెనక్కి తిప్పి చదవనక్కరలేదు, ముందు నుంచి చదివితే చాలు. చదవరు. పదహారేళ్ళవాణ్ణి గాలి ఆడని గదిలో కుదేసి, నువ్వు ఫలానా సెక్షన్‌వి, నీ విలువ ఇంత అని వారం వారం గోడకు అంటించి, వాడు ఎప్పుడైనా కూలబడితే ఫోన్ చూశాడు, ప్రేమలో పడ్డాడు, దెయ్యం పాటలు విన్నాడు అని కారణాలు పుట్టించే మనుషులారా, వాడి ట్రంకుపెట్టెలో ఏం వెతుకుతున్నారు? వాణ్ణి రెండు నిమిషాలు గొంతెత్తి అరవనిచ్చింది ఆ పాట ఒక్కటే. మీరు ఆ పని కూడా చేయనివ్వలేదు. తండ్రి అడిగింది నిద్ర గురించి. మినిట్స్‌లో వార్డెన్‌గారు “పేరెంట్ అప్రస్తుతం మాట్లాడారు” అని రాశారు, నేను పక్కనే కూర్చుని చూశాను.

సంఘం తీర్మానాలు ఇలా వెలువడ్డాయి. టీషర్టును ప్రిన్సిపాల్‌గారి బీరువాలో భద్రపరచాలి. పాటల నోట్‌బుక్కును యాజమాన్యం స్వాధీనం చేసుకోవాలి. అయితే దాని వెనక పేజీల్లో ఇంటెగ్రేషన్ లెక్కలు ఉన్నాయి కనుక వాటిని మాత్రం జిరాక్స్ తీసి విద్యార్థికి ఇవ్వాలి. విద్యార్థి వివరణ సంతృప్తికరంగా లేదు. పిల్లలకు ఇలాంటి పాటలు వినే తీరిక దొరకకుండా రాత్రి స్టడీ అవర్‌ను పదకొండింటి వరకు పొడిగించాలి. ఈ అరగంటకు అదనపు ఫీజు ఎంతో తల్లిదండ్రుల ఫోన్లకు మెసేజ్ వస్తుంది.