అమెరికా చరిత్రను బస్సు కిటికీలోంచి చూడొద్దు

వేసవి వచ్చిందంటే అమెరికాలోని పిల్లల దగ్గరికి మన తల్లిదండ్రుల ప్రయాణాలు మొదలవుతాయి. వారు వెళ్లిన కొన్నాళ్లకు, పిల్లలకు సెలవు దొరకని వారం చూసి, ఏదో ఒక టూరు సంస్థ బస్సులో రెండు సీట్లు కొనిపెట్టడం చాలా ఇళ్లలో ఆనవాయితీ అయిపోయింది. న్యూయార్క్, ఫిలడెల్ఫియా, వాషింగ్టన్, కార్నింగ్ గాజు మ్యూజియం, నయాగరా, బోస్టన్ అంటూ మూడు నాలుగు రోజుల్లో అన్నీ తిప్పి తీసుకొచ్చే ఈ యాత్రల గురించి పాఠకులకు కొత్తగా చెప్పాల్సింది లేదు. జలపాతాన్ని అలా చూసినా నష్టం లేదు, దానికి వివరణ అక్కర లేదు. కానీ చారిత్రక పట్టణాలను, మ్యూజియాలను అరగంటకొకటి చొప్పున చూపించడం వాటిని చూపించకపోవడంతో సమానం. వాటిని బృందంగానే చూడాలి, అయితే ఒకే ఊళ్లో కనీసం రెండు రోజులు ఆగి, ఆ ఊరి కథ చెప్పేవారి ఎదుట నిలబడి చూడాలి అన్నది నా వాదన.

బృందంగా తిరగడమే తప్పని, చదువుకున్నవారు ఒంటరిగా, తీరిగ్గా తిరగాలని అనేవారు ఉన్నారు. నేను వారి పక్షాన లేను. చిత్రపటాన్ని చూడటానికి ఏకాంతం కావాలేమో కానీ, చరిత్ర వినడానికి నలుగురు ఉండాలి. ఊరంతా ఒకచోట చేరి హరిదాసు చెప్పే కథను తెల్లవార్లూ వినడం మనకు తెలిసిన విద్యే. చెప్పేవాడు ఒకడైనా, వినేవారు పదిమంది ఉన్నందువల్లనే ఆ కథకు బలం వచ్చేది. న్యూయార్క్‌లో 1988లో ఏర్పడిన టెనెమెంట్ మ్యూజియం ఈ సంగతిని బాగా గ్రహించింది. ఆర్చర్డ్ వీధి 97వ నంబరు భవనంలో 1863 నుంచి 1935 దాకా వలస కుటుంబాలు అద్దెకు బతికిన ఇరుకు గదులను గైడు వెంట చిన్న బృందంగా వెళ్లినవారికే ఆ సంస్థ చూపిస్తుంది. చెప్పేవారు లేకపోతే అవి పెచ్చులూడిన గోడలు మాత్రమే. అమెరికాలో 1975లో న్యూహాంప్‌షైర్ కళాశాలల్లో ఎల్డర్‌హాస్టల్ పేరుతో మొదలై, 2010 నుంచి రోడ్ స్కాలర్‌గా నడుస్తున్న సంస్థ కూడా వయసు మళ్లినవారికి బృంద యాత్రనే ఒక తరగతి గదిగా మలిచింది. పెద్దవారికి తగిన పద్ధతి ఆ దేశంలోనే దాదాపు అర్ధశతాబ్దంగా ఉండగా, మనవారు మాత్రం ఫొటోకు పది నిమిషాలు, భోజనానికి నలభై నిమిషాలు అనే పద్ధతికే డబ్బు కడుతున్నారు.

ఒకే ఊరు ఎంచుకోమంటే నేను వర్జీనియాలోని విలియమ్స్‌బర్గ్‌నే ఎంచుకుంటాను. వాషింగ్టన్ నుంచి సుమారు 150 మైళ్ల దూరంలో ఉన్న ఈ ఊరు 1699 నుంచి 1780 దాకా వర్జీనియాకు రాజధాని. రాజధాని రిచ్మండ్‌కు తరలిపోయాక దీని వైభవం తగ్గిపోయింది. 1926లో గుడ్విన్ అనే మతబోధకుడు సంపన్నుడైన జాన్ డి. రాక్‌ఫెల్లర్ జూనియర్‌ను ఒప్పించి ఊరి పునరుద్ధరణ మొదలుపెట్టించాడు. ఇప్పుడు 301 ఎకరాల్లో దాదాపు తొంభై అసలు కట్టడాలు నిలిచి ఉన్నాయి. గవర్నరు భవనం వంటి కొన్నింటిని పాత పునాదుల మీద 1930లలో తిరిగి కట్టారు. కార్లకు అనుమతి లేని ప్రధాన వీధిలో నడుస్తుంటే కమ్మరి, చెప్పులు కుట్టేవాడు, అచ్చు వేసేవాడు, విగ్గులు తయారుచేసేవాడు 18వ శతాబ్దపు పనిముట్లతో నిజంగానే పని చేస్తూ కనిపిస్తారు, అడిగితే పని ఆపి జవాబు చెబుతారు. ఆనాటి మనుషుల వేషాల్లో, వారి మాటలతోనే మనతో సంభాషించేవారు కూడా ఉన్నారు. నేను చూసిన టూరు కరపత్రాల్లో ఈ ఊరి పేరు అరుదుగా కనిపిస్తుంది, కనిపించినా అది ఒక పూట మజిలీ మాత్రమే.

అయితే నన్ను ఈ ఊరి వైపు లాగేది కట్టడాలు కావు, ఈ ఊరు తన కథను తానే దిద్దుకుంటూ రావడం. స్వాతంత్ర్య పోరాటం మొదలయ్యే నాటికి ఇక్కడి జనాభాలో సగానికి పైగా నల్లజాతివారే, వారిలో అత్యధికులు బానిసలు. అయినా తొలి అర్ధశతాబ్దం పాటు ఈ ప్రదర్శనా పట్టణం దొరల భోజనాల బల్లలు, జెఫర్సన్ చదువు, స్వాతంత్ర్య నాయకుడు పాట్రిక్ హెన్రీ ప్రసంగాల గురించే ఎక్కువగా చెప్పింది. 1979లో నల్లజాతి నటులు బానిసల పాత్రల్లో వీధుల్లోకి రావడంతో మార్పు మొదలైంది. 1994 అక్టోబరులో ఒక సత్రం మెట్ల మీద బానిసల వేలాన్ని యథాతథంగా ప్రదర్శించినప్పుడు, మా పూర్వీకుల బాధను వినోదం చేస్తారా అని పౌరహక్కుల సంఘాలవారు వచ్చి నిరసన తెలిపారు. ఆ నిరసనకారుల్లో ఒకరు ప్రదర్శన పూర్తయ్యాక తన అభిప్రాయం మార్చుకున్నానని చెప్పారు. ఆ వేలం మళ్లీ ప్రదర్శించలేదు, కానీ దాని తరువాత పాత కథకు తిరిగి వెళ్లడం ఎవరికీ సాధ్యం కాలేదు.

ఆ దిద్దుబాటు ఇంకా ఆగలేదు. 1760 నుంచి 1774 దాకా నల్లజాతి పిల్లలకు చదువు చెప్పిన బ్రే పాఠశాల భవనం వేరే కట్టడంలో కలిసిపోయి మరుగున పడి ఉండగా 2020లో గుర్తించి, 2023 ఫిబ్రవరిలో దాన్ని మొత్తంగా వాహనం మీద ఎక్కించి చారిత్రక ప్రాంతానికి తరలించారు. ఆ బడి పిల్లలకు అక్షరాలతో పాటు తమ బానిసత్వాన్ని దైవేచ్ఛగా ఒప్పుకోవాలన్న బోధను కూడా నేర్పింది. ఆ రెండు విషయాలనూ అక్కడివారు కలిపే చెబుతారు. నల్లజాతివారి ఫస్ట్ బాప్టిస్టు చర్చి పాత కట్టడాన్ని 1950లలో ఈ ప్రదర్శనా పట్టణాన్ని నడిపే సంస్థే పడగొట్టి, ఆ స్థలాన్ని పార్కింగ్ చేసిన సంగతినీ దాచరు. 2020లో మొదలైన తవ్వకాల్లో ఆ నేల కింద 62 సమాధులు బయటపడ్డాయి. తన సంస్థ చేసిన తప్పును, ఆ తప్పు జరిగిన చోటే నిలబడి, ముక్కుమొహం తెలియని సందర్శకులకు ఒక ఉద్యోగి వివరించడం నాకు అపురూపంగా తోస్తుంది. దీన్ని అరగంటలో ఎవరూ చెప్పలేరు, అరగంటలో ఎవరూ వినలేరు.

ఇక యార్క్‌టౌన్. జేమ్స్‌టౌన్, విలియమ్స్‌బర్గ్, యార్క్‌టౌన్‌లను కలుపుతూ 23 మైళ్ల పార్క్‌వే ఉంది. ఒక కొసన 1607లో ఆంగ్లేయులు దిగిన తీరం, మరో కొసన 1781 అక్టోబరు 19న వారి సైన్యం ఆయుధాలు అప్పగించిన మైదానం. ఆ సైన్యానికి సేనాని లార్డ్ కార్న్‌వాలిస్. ఒంట్లో బాగా లేదని చెప్పి లొంగుబాటుకు తాను రాకుండా కింది అధికారిని పంపినవాడు. అతని కదలికలను అమెరికన్లకు చేరవేసిన జేమ్స్ అనే బానిసకు ఆ సేవకు ప్రతిఫలంగా 1787లో గానీ విముక్తి లభించలేదు. ఈ కథను అమెరికా గైడు సాధారణంగా ఇంతటితో ఆపేస్తాడు. తెలుగువారికి మాత్రం కథ అక్కడే మొదలవుతుంది.

యార్క్‌టౌన్‌లో ఓడిన కార్న్‌వాలిస్ ఐదేళ్లు తిరక్కుండా, 1786లో, గవర్నర్ జనరల్‌గా కలకత్తాలో దిగాడు. 1792లో టిప్పు సుల్తానుతో సంధి చేసుకుని అతని ఇద్దరు కొడుకులను బందీలుగా తీసుకున్నాడు. 1793లో బెంగాలులో జమీందార్లు కట్టాల్సిన శిస్తును శాశ్వతంగా నిర్ణయించే పద్ధతిని స్థిరపరిచాడు. 1802 నుంచి అదే పద్ధతి మద్రాసు ప్రెసిడెన్సీకి, అందులో భాగమై మన కోస్తా జిల్లాలున్న ఉత్తర సర్కారులకు వచ్చింది. విజయనగరం, బొబ్బిలి, పిఠాపురం వంటి జమీందారీల్లో రైతు తలరాతను ఒకటిన్నర శతాబ్దం పాటు నిర్ణయించిన పద్ధతి అది. 1937-38లో ఇచ్ఛాపురం నుంచి మద్రాసు దాకా రైతులు నడిచి వెళ్లింది ఆ బరువు మోయలేకనే. 1948 నాటి జమీందారీ రద్దు చట్టంతో గానీ అది తొలగలేదు. శ్రీకాకుళం, విశాఖ, గోదావరి జిల్లాల నుంచి వెళ్లిన చాలామంది తల్లిదండ్రుల తాతముత్తాతలు ఈ మనిషి గీసిన గీత లోపలే బతికారు. అటువంటివారు వర్జీనియా దాకా వెళ్లి కూడా యార్క్‌టౌన్ మైదానాన్ని చూడకుండా తిరిగి రావడం నాకు బాధ కలిగిస్తుంది. అమెరికా చరిత్ర వేరే ఎవరిదో అని, మనం వెళ్లేది దాన్ని బయటి నుంచి చూడటానికని అనుకోవడం వల్లనే ఈ లోటు వస్తోంది.

ఇలాంటి ముడులు ఇంకా ఉన్నాయి. ఫిలడెల్ఫియాలో మన బస్సులు పగుళ్లు బారిన లిబర్టీ గంట దగ్గర ఆగుతాయి. ఆ గంట ఉన్న మందిరం పక్కనే, తొలి అధ్యక్షుడు వాషింగ్టన్ నివసించిన ఇంటి స్థలంలో, ఆయన తెచ్చుకున్న తొమ్మిది మంది బానిసల కథ చెప్పే స్మారకాన్ని 2010లో తెరిచారు. ఆరు నెలలు ఆ రాష్ట్రంలో ఉంటే బానిసలు స్వేచ్ఛ కోరవచ్చన్న పెన్సిల్వేనియా చట్టాన్ని తప్పించుకోవడానికి, ఆయన గడువు నిండకముందే వారిని రాష్ట్రం దాటించి మళ్లీ తెచ్చేవాడు. వారిలో ఓనా జడ్జ్ అనే యువతి 1796లో తప్పించుకుని న్యూహాంప్‌షైర్ చేరి, చివరిదాకా పట్టుబడకుండా బతికింది. అదే నగరంలోని కళా మ్యూజియంలో మదురై మదనగోపాలస్వామి ఆలయానికి చెందిన శిలా మండపం ఉంది. ఒక అమెరికా మహిళ 1912లో అక్కడ పడి ఉన్న స్తంభాలను కొన్నది. అది 16వ శతాబ్దపు మదురై నాయకుల కాలం నాటిది, ఆ నాయకులు తెలుగువారు. గంట చూసి వెనుదిరిగే బస్సులో ఈ రెండింటికీ చోటు లేదు.

మసాచుసెట్స్‌లోని సేలం పేరు చెబితే 1692 నాటి మంత్రగత్తెల విచారణలే గుర్తొస్తాయి. అక్కడి పీబాడీ ఎసెక్స్ మ్యూజియానికి మూలమైన ఈస్ట్ ఇండియా మెరైన్ సొసైటీ 1799లో ఏర్పడింది. ఆఫ్రికా దక్షిణాన గుడ్ హోప్ అగ్రాన్నో, దక్షిణ అమెరికా కొసన హార్న్ అగ్రాన్నో చుట్టి వచ్చిన నావికులకే అందులో సభ్యత్వం. మన సముద్రాల మీద సంపాదించిన సొమ్ము ఆ ఊరి ఇళ్లలో ఇప్పటికీ కనిపిస్తుంది.

పెద్దవారికి మోకాళ్లు సహకరించవని, అమెరికా యాస అర్థం కాదని, మళ్లీ వస్తామో లేదో తెలియనప్పుడు అన్ని పెద్ద నగరాలనూ ఒక్కసారి కంటితో చూడాలన్న కోరిక సహజమని నాకు చెప్పినవారు ఉన్నారు. పిల్లల మీద ఆధారపడకుండా తిరిగే స్వేచ్ఛ ఈ బస్సుల వల్లనే దొరుకుతోందన్న మాటలో సత్యం ఉంది. కానీ మోకాళ్లకు రోజుకొక హోటలు మారడం కంటే ఒకే గదిలో రెండు రాత్రులు ఉండటం సుఖం. యాస సమస్యకు మందు వివరణను మానెయ్యడం కాదు, పక్కన తెలుగులో చెప్పే మనిషిని పెట్టడం.

అసలు సంగతి అంతా ఆ చెప్పే మనిషి దగ్గరే ఉంది. చారిత్రక స్థలం అంటే రాళ్లు, గాజు పెట్టెలు కాదు, వాటి ముందు నిలబడి ప్రశ్నలకు జవాబు చెప్పే ఉద్యోగి అని నేను నమ్ముతాను. ఆ సంగతి అధికారంలో ఉన్నవారికీ తెలుసు. 2025 మార్చిలో అమెరికా అధ్యక్షుడు చరిత్రలో సత్యాన్ని, వివేకాన్ని పునరుద్ధరిస్తామంటూ ఉత్తర్వు జారీ చేసి స్మిత్‌సోనియన్ మ్యూజియాల వైపు వేలు చూపించాడు. ఆ వేసవిలోనే, గత అమెరికన్లను చిన్నబుచ్చే సమాచారం కనిపిస్తే ఫిర్యాదు చేయమని సందర్శకులను కోరుతూ జాతీయ పార్కుల్లో బోర్డులు వెలిశాయి. ఒక దేశపు ప్రభుత్వం గైడు మాటకు ఇంతగా ఉలిక్కిపడుతున్నదంటే ఆ మాటకున్న శక్తిని మనం తక్కువగా చూడకూడదు. ఈ ఒత్తిడి కాలంలో నల్లజాతి చరిత్రను వినడానికి వచ్చే ప్రతి బృందం, ఆ చెప్పేవారి ఉద్యోగానికి కాస్త అండ అవుతుంది. కొన్న ప్రతి టికెట్టూ, అడిగిన ప్రతి ప్రశ్నా లెక్కలోకి వస్తాయి.

మన వైపు ఈ వృత్తికి గౌరవం లేకపోవడమే నన్ను ఎక్కువగా కలవరపెడుతుంది. అమరావతిలో, నాగార్జునకొండలో, ఓరుగల్లు కోటలో, బొబ్బిలిలో చరిత్ర చదివిన యువతీ యువకులకు మంచి జీతమిచ్చి, ఏళ్ల తరబడి తర్ఫీదిచ్చి, కష్టమైన ప్రశ్నలకు జవాబు చెప్పగలిగే స్థాయికి తేవాలన్న ఆలోచన మన ప్రభుత్వాల్లో కనిపించదు. గోడలకు సున్నం వేస్తే, దీపాలు పెడితే చాలుననుకుంటున్నాం. విలియమ్స్‌బర్గ్‌లో రెండు రోజులు గడిపిన ఒక తెలుగు ఉపాధ్యాయుడు తిరిగొచ్చి తన జిల్లాలో ఇదెందుకు లేదని అడుగుతాడు. నాలుగు రోజుల్లో ఆరు నగరాలు చుట్టినవాడికి ఆ ప్రశ్న తట్టే అవకాశం తక్కువ.

తానా, ఆటా, నాట్స్ వంటి తెలుగువారి సంఘాలకు అమెరికాలో మనుషులున్నారు, డబ్బుంది, సంస్థాగతమైన అనుభవం ఉంది. అమెరికా స్వాతంత్ర్యానికి 250 ఏళ్లు నిండే 2026 ఇందుకు తగిన సమయం. ఎండలు తగ్గిన సెప్టెంబరులోనో అక్టోబరులోనో, వారం మధ్యలో, పాతిక మందికి మించని బృందాన్ని విలియమ్స్‌బర్గ్‌కు తీసుకెళ్లాలి. మొదటి రోజు బ్రే పాఠశాల, చర్చి స్థలం, పనివారి దుకాణాలు, రెండో రోజు యార్క్‌టౌన్ మైదానం. ఉత్తర సర్కారుల చరిత్ర తెలిసిన తెలుగు అధ్యాపకుడు ఒకరు బృందం వెంట ఉండాలి. స్థానిక గైడు కార్న్‌వాలిస్ లొంగుబాటు దగ్గర కథ ఆపగానే, 1802 దగ్గరి నుంచి ఆయన అందుకోవాలి.