సుబ్బారావు అంటే ఏ సుబ్బారావు?

(తెలుగు ప్రముఖుల అకారాది సూచిక ఒకటి అచ్చుకు సిద్ధమవుతున్నది. ఒకే పేరు గలవారిని అందులో ఎలా వేరుచేసి చూపాలన్న విషయంపై ఒక విశ్రాంత గ్రంథపాలకుడికీ, ఆ సూచికను పరిష్కరిస్తున్న ఉపసంపాదకురాలికీ మధ్య సాగిన వాదం ఇది.)

గ్రంథపాలకుడు: మనకు ఇంటిపేరు ఉన్నదే ఇందుకమ్మా. రాయప్రోలు సుబ్బారావు అనగానే భావకవిత్వం, నండూరి సుబ్బారావు అనగానే ఎంకి పాటలు, ఎల్లాప్రగడ సుబ్బారావు అనగానే వైద్య పరిశోధన, కోకా సుబ్బారావు అనగానే సుప్రీంకోర్టు, దువ్వూరి సుబ్బారావు అనగానే రిజర్వు బ్యాంకు గుర్తుకు వస్తాయి. ఐదుగురి పేరూ ఒక్కటే అయినా ఏ ఒక్కరూ మరొకరితో కలిసిపోలేదు. అటువంటప్పుడు ప్రతి పేరు పక్కనా ‘కవి’, ‘శాస్త్రవేత్త’ అని తగిలించటం చదువరి తెలివిని శంకించటమే అవుతుంది.

ఉపసంపాదకురాలు: మీరు చెప్పినవన్నీ పూర్తి ఇంటిపేర్లు, మాస్టారూ. పాత పత్రికల్లోనూ, సభల నివేదికల్లోనూ ఆ ఇంటిపేరు ఒక్క పొడి అక్షరంగా మిగిలి ఉంటుంది. ‘కె. సుబ్బారావు’ అని ఉన్నచోట ఆయన న్యాయమూర్తి కోకావారా, అనంతపురం ప్రాంత స్వాతంత్ర్య సమరయోధుడు కల్లూరివారా? ‘ఎన్. సుబ్బారావు’ అంటే 1878లో హిందూ పత్రికను ప్రారంభించిన ఆరుగురు యువకుల్లో ఒకరైన న్యాపతివారా, ఎంకిని సృష్టించిన నండూరివారా?

గ్రంథపాలకుడు: ఆ దోషం పొడి అక్షరానిదే కాని ఇంటిపేరుది కాదు. ఇంగ్లీషు పద్ధతికి అలవాటుపడి ఇంటిపేరును కత్తిరించింది మనమే. అమెరికాలో ఎల్లాప్రగడవారికి జరిగినది ఇంకా విచిత్రం. 1925లో ఫిస్కేతో కలిసి ఆయన ప్రకటించిన ఫాస్ఫరస్ కొలత పద్ధతి ‘ఫిస్కే–సుబ్బారో’ పేరుతోనే నిలిచింది. ఆయనను వేరుచేసి చూపగలిగిన ఇంటిపేరు అక్కడ అసలు కనిపించదు. కనుక పొడి అక్షరాన్ని విప్పి రాయండి, చిక్కు వీడిపోతుంది.

ఉపసంపాదకురాలు: దేనిని ఆధారం చేసుకుని విప్పమంటారు? ఆ వార్త ఏ సంవత్సరానిది, ఏ ఊరిది, ఏ పనికి సంబంధించినది అన్నవి చూశాకనే కదా ‘కె’ అంటే కోకా అనో కల్లూరి అనో తేల్చగలం! అంటే మనిషిని గుర్తుపట్టించినవి కాలమూ, స్థలమూ, వృత్తీ. ఇంటిపేరు ఆ తరువాత చేరినదే. సూచిక చేసేవారు చూసుకున్న ఆ ఆధారాన్ని పాఠకుడికి మాత్రం ఎందుకు దాచిపెట్టాలి?

గ్రంథపాలకుడు: ఎందుకంటే వృత్తి నిలకడగా ఉండదు. 1967 ఏప్రిల్‌లో పదవికి రాజీనామా చేసి రాష్ట్రపతి ఎన్నికలో నిలిచిన కోకావారిని ‘న్యాయమూర్తి’ అన్న ఒక్క మాటలో ఇమిడ్చుతారా? కైకాల సత్యనారాయణ పక్కన ‘నటుడు’ అని వేస్తే, 1996లో మచిలీపట్నం నుంచి లోక్‌సభకు వెళ్ళిన వ్యక్తి కోసం వెతికేవాడు ఆయన కాదేమోనని పేజీ తిప్పేస్తాడు. మీరు వేసే ముద్ర మనిషికి తూకం వేసినట్లు ఉంటుంది. ఇంటిపేరు ఎవరికీ విలువ కట్టదు.

ఉపసంపాదకురాలు: ఆ ఆక్షేపణలో బలం ఉంది. అయితే ఇంటిపేరు కూడా ఒకటే అయినప్పుడు ఏం చేస్తారు? నెల్లూరి మనుమసిద్ధి కొలువులో కొట్టరువు తిక్కనలు ఇద్దరు, ఇద్దరూ మంత్రి భాస్కరుని మనుమలే. భారతంలో పదిహేను పర్వాలు తెనిగించినవాడు కవి తిక్కన అయితే, యుద్ధంలో ప్రాణం విడిచినవాడు ఖడ్గ తిక్కన. ఏడు వందల ఏళ్ళుగా జనం వారిని పనిని బట్టే వేరుచేస్తున్నారు!

గ్రంథపాలకుడు: కూచిపూడివారు మాత్రం పని జోలికి పోలేదు. వెంపటి సత్యాలు ఇద్దరూ నాట్యాచార్యులే కనుక పెద సత్యం, చిన సత్యం అన్నారు. మద్రాసులో 1963లో కూచిపూడి ఆర్ట్ అకాడమీ స్థాపించిన ఆయన చివరిదాకా చిన సత్యమే.

ఉపసంపాదకురాలు: ఆ ఇద్దరినీ ఎరిగినవారికి అది చాలు. ఎరగనివారి సంగతి ఎన్నికల నిబంధనలు ఆలోచించాయి. 1961 నాటి నిబంధనల ప్రకారం, ఒకే పేరు గల అభ్యర్థులను వృత్తి చేర్చిగాని, నివాసం చేర్చిగాని, మరో విధంగాగాని వేరుచేసి చూపాలి. అవీ చాలకనే 2015 నుంచి బ్యాలెట్‌పై ఫొటోలు కూడా వచ్చాయి. మన ఇంటిపేర్ల మీద మీకున్న నమ్మకం ఎన్నికల సంఘానికి లేదన్నమాట.

గ్రంథపాలకుడు: బ్యాలెట్ ఒక్క పూట పని, సూచిక తరాలపాటు ఉండేది. మీరు పట్టుబడితే జనన మరణ సంవత్సరాలు వేయండి, ఒప్పుకుంటాను. అవి ఎవరినీ తూచవు. కాని అవీ పూర్తిగా ఆదుకోవు సుమా! నండూరివారూ, ఎల్లాప్రగడవారూ ఇద్దరూ 1895లో పుట్టినవారే.

ఉపసంపాదకురాలు: నందమూరి తారక రామారావుల దగ్గర మాత్రం అవే ఆదుకుంటాయి. తాతకూ మనుమడికీ ఇంటిపేరు ఒకటే, పేరు ఒకటే, నటనా ఒకటే. ఒకరు 1923లో, మరొకరు 1983లో పుట్టారన్నది తప్ప మీ పద్ధతిలోనూ, నా పద్ధతిలోనూ వేరే దారి లేదు.

గ్రంథపాలకుడు: అక్కడ సంవత్సరాలు వేయండి. సుబ్బారావుల దగ్గర ఇంటిపేర్లను పూర్తిగా రాసి, ‘కె. సుబ్బారావు: కల్లూరి, కోకా చూడండి’ అని ఒక్క పంక్తి చేర్చండి చాలు.

ఉపసంపాదకురాలు: చేరుస్తాను. కాని ఆ పంక్తిలోనే కల్లూరి పక్కన ‘అనంతపురం’ అనీ, కోకా పక్కన ‘సుప్రీంకోర్టు’ అనీ వేస్తాను, మాస్టారూ. ప్రూఫులో మీరు కొట్టేస్తే మళ్ళీ రాస్తాను.