నాలుగేళ్ళ పిల్లాడి పుట్టినరోజుకి ఫాగ్ మెషిన్ ఎందుకండీ?

"కిడ్స్ బర్త్‌డే క్యాంపింగ్ స్పెషల్" అని ఫోన్లో రోజుకో ప్రకటన వస్తోంది. ఒకదాన్ని కూర్చుని పూర్తిగా చదివాను. టెంట్లు, బెలూన్ ఆర్చ్, పిల్లల పేరుతో వెలిగే ఎల్‌ఈడీ అక్షరాలు, కేక్ కటింగ్‌కి ఫాగ్ మెషిన్, డీజే, అన్‌లిమిటెడ్ బార్బెక్యూ, అన్నిటికన్నా కింద చిన్న అక్షరాల్లో స్టార్ గేజింగ్, అంటే చుక్కలు చూడటం. ఈ జాబితాలో నాలుగేళ్ళ పిల్లాడికి పనికొచ్చేది ఆ చివరిదొక్కటే. పైనున్నవన్నీ కలిసి దాన్నే లేకుండా చేస్తాయి.

హైదరాబాద్‌లో పుట్టినరోజు ఫంక్షన్లు ఎలా జరుగుతున్నాయో మీకు తెలియనిది కాదు. కార్డులో ఏడు గంటలని వేస్తారు. ఎనిమిదిన్నరకి సగం మంది వస్తారు. మామూలు రోజుల్లో ఎనిమిదికల్లా పెరుగన్నం తిని పడుకునే పిల్లవాడు ఆ టైమ్‌కి బిగుతు కోటు, మెడకో బో, కాలు కరిచే కొత్త బూట్లతో స్టేజీ మీద నిలబడి ఉంటాడు. యాంకరమ్మాయి మైక్ మూతి దగ్గర పెట్టి "బర్త్‌డే బాయ్ ఎలా ఉన్నాడూ!" అంటుంది. బర్త్‌డే బాయ్ ఏడుస్తుంటాడు. ఎవరో పెద్దాయన ట్రాఫిక్‌లో ఉన్నారట, ఆయన వచ్చేదాకా కేకు కొయ్యరు. ఆయన వస్తారు. పిల్లాడు నిద్రపోయి ఉంటాడు. లేపుతారు! నిద్రలోంచి లేపి చేతికి ప్లాస్టిక్ కత్తి ఇస్తారు.

అది చాలదన్నట్టు స్నో స్ప్రే. ఆ డబ్బాలో నురగని బయటికి నెట్టేది చాలావరకు బ్యూటేన్, ప్రొపేన్ లాంటి మండే గ్యాసే. మంట దగ్గర వాడొద్దని డబ్బా మీదే రాసి ఉంటుంది. మనవాళ్ళు మాత్రం వెలిగే కొవ్వొత్తుల ముందు నిలబడ్డ పిల్లాడి తల మీద కొడతారు. ఈ ఒక్క విషయంలో నేను చుట్టాలతో మొహమాటపడను, డబ్బా కనిపిస్తే లాక్కుంటాను.

సరే, మా ఇంటి సంగతికి వస్తాను. మావాడు మార్గశిర పౌర్ణమి ముందు రోహిణి నక్షత్రంలో పుట్టాడు. నక్షత్రం లెక్కన పుట్టినరోజు మొన్న డిసెంబరు మొదట్లోనే ఇంట్లో చేసేశాం. మా అత్తగారు తలంటి, హారతిచ్చి, పరమాన్నం చేశారు. ఇంగ్లీషు తేదీ ప్రకారం వచ్చే పుట్టినరోజు ఇంకో రెండు వారాలకి, మూడో వారంలో పడింది. దానికే హాలు మాట్లాడదామని మా ఆయన అన్నారు. నేను వద్దన్నాను. వికారాబాద్ వైపు వెళ్ళి ఒక రాత్రి టెంట్లలో ఉందామన్నాను. మేం ముగ్గురం, అత్తగారు, మావయ్యగారు, మా తమ్ముడు, అంతే.

ఇంట్లో పెద్ద పంచాయితీ అయింది. అత్తగారు పంచాంగం తెరిచి, "అమావాస్య ముందు పసివాణ్ణి అడవికి తీసుకెళ్తారటే?" అన్నారు. నాకు కావలసింది సరిగ్గా అదే. అమావాస్య దగ్గరైతేనే చుక్కలు బాగా కనిపిస్తాయి. ఆ మాట నేను చెప్తే వినేవారు కాదు, మావయ్యగారు చెప్పారు కాబట్టి సరిపోయింది. ఇక మా తమ్ముడికి వేరే భయం. రోహిణిలో పుట్టిన మగపిల్లాడు మేనమామకి గండం అని మనవాళ్ళు అంటారు కదా, కృష్ణుడూ కంసుడూ కథ వల్ల. వీడు పుట్టినప్పటి నుంచీ అందరూ వాణ్ణి ఆటపట్టిస్తూనే ఉన్నారు. "అడవిలోకి తీసుకెళ్ళి నన్ను ఏం చేయిస్తావక్కా?" అన్నాడు.

అనంతగిరి కొండలు మనకి డెబ్బై, ఎనభై కిలోమీటర్ల దూరం. దారిలో ముందు గుడికి వెళ్ళాం. అనంతపద్మనాభస్వామి ఉన్న ఆ కొండల్లోనే మూసీ పుడుతుంది. మన చాదర్‌ఘాట్ దగ్గర ముక్కు మూసుకుని దాటే మూసీయే. వాడికి ఆ సంగతి చెప్తే "దీనికీ హ్యాపీ బర్త్‌డేనా?" అన్నాడు. అదేమంత గొప్ప మాట కాదు, తల్లిని కాబట్టి రాస్తున్నాను.

క్యాంప్‌సైట్ పేరు చెప్పను. ఒకరి పేరు చెప్పి లాభం లేదు, ఆ చుట్టుపక్కల సగం ఇలాగే ఉన్నాయని తర్వాత తెలిసింది. చీకటి పడేసరికి నాలుగు మూలలా హాలోజన్ లైట్లు వేశారు. చెట్ల మధ్య రంగురంగుల సీరియల్ లైట్లు. ఏడున్నరకి స్పీకర్లు మొదలయ్యాయి. పక్కన ఏదో ఆఫీసు గుంపు దిగింది, వాళ్ళ ఆనందం వాళ్ళది, నాకు వాళ్ళ మీద కోపం లేదు. కోపమంతా అమ్మినవాడి మీద. మాకు చీకటీ చుక్కలూ అని అమ్మాడు, వాళ్ళకి డీజే అని అమ్మాడు, ఇద్దరినీ ఒకే చోట పడేశాడు.

లైట్లు ఒక గంట తీసేయమని మేనేజర్ని అడిగాను. "లైట్ తీస్తే పాములొస్తాయి మేడమ్" అన్నాడు. వెలుతురుకి పురుగులు వస్తాయి, పురుగుల కోసం కప్పలు వస్తాయి, కప్పల కోసం పాములు వస్తాయి. లైటు పాముని ఆపదు. పాముల భయం నిజంగా ఉంటే చెప్పాల్సినవి వేరే ఉన్నాయి. టెంట్ జిప్పు ఎప్పుడూ పూర్తిగా వేసి ఉంచమనాలి, నేల మీద పక్క వేసుకోవద్దనాలి, చెప్పులు బయట వదలొద్దనాలి, రాత్రి అడుగు బయటపెడితే టార్చి ఉండాలనాలి. కట్లపాము రాత్రిపూటే తిరుగుతుంది, నేల మీద పడుకున్నవాళ్ళనే ఎక్కువగా కరుస్తుంది, కరిచినా చాలాసార్లు నొప్పి తెలియదు. ఇవేవీ మాకు ఎవరూ చెప్పలేదు. దగ్గర్లో ఏ ఆసుపత్రిలో విరుగుడు మందు ఉంటుందని అడిగితే మేనేజర్ నా మొహం చూశాడు. "బర్త్‌డే ఉందన్నారు కదా మేడమ్, ఫాగ్ కాంప్లిమెంటరీగా పెట్టిస్తాం" అన్నాడు.

ఇంకొకటి. చలి ఎక్కువగా ఉందని వాళ్ళ కుర్రాడు ఒకడు బార్బెక్యూలో మిగిలిన బొగ్గుల్ని కుంపట్లో వేసి తెచ్చి, "టెంట్లో పెట్టుకోండక్కా, వెచ్చగా ఉంటుంది" అన్నాడు. పాపం మంచి మనసుతోనే అన్నాడు. కానీ మూసిన టెంట్లో నిప్పుల కుంపటి అంటే కార్బన్ మోనాక్సైడ్. వాసన ఉండదు, పొగ కనిపించదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. దేశంలో ప్రతి చలికాలం గదుల్లో కుంపట్లు పెట్టుకుని చనిపోయినవాళ్ళ వార్తలు వస్తూనే ఉంటాయి. స్పీకర్ల కోసం ఒక మనిషిని పెట్టిన యజమాని ఈ ఒక్క ముక్క ఆ కుర్రాడికి నేర్పలేకపోయాడా?

చివరికి మమ్మల్ని కాపాడింది అక్కడి వాచ్‌మన్ తాత. గేటు దాటి కొంచెం నడిస్తే తన కంది చేను ఉందని, అక్కడికి లైటు రాదని చెప్పాడు. టార్చి పట్టుకుని తాత ముందు, పిల్లాణ్ణి భుజాల మీద ఎక్కించుకుని మా తమ్ముడు వెనక, ఆ వెనక నడుం పట్టుకుని సణుగుతూ మా అత్తగారు. గట్టు మీద గోనెసంచి పరిచారు. పాటలు అక్కడికీ వినిపిస్తూనే ఉన్నాయి, కానీ నెత్తిమీద ఆకాశం మాత్రం మాదయింది.

మావయ్యగారిది వ్యవసాయం ఇల్లు. చిన్నప్పుడు రాత్రి మోట దగ్గర కాపలా ఉన్న మనిషి. ముందు పిల్లలకోడిని చూపించారు, అంటే కృత్తికలు. చిన్న గుంపుగా, తల్లి చుట్టూ పిల్లలు చేరినట్టు ఉంటాయి. దానికి కొంచెం కిందగా ఎర్రటి చుక్క. "అదిగోరా, అదే నీ నక్షత్రం, రోహిణి" అన్నారు. వాడు నమ్మలేదు. "నాదేనా?" అని మూడుసార్లు అడిగాడు. "చింటూ వాళ్ళకి ఇవ్వవు కదా?" అని ఇంకోసారి. ప్రతి ఏడూ గుళ్ళో అర్చన చేయించి గోత్రంతో పాటు రోహిణి రోహిణి అని చెప్తూనే ఉంటాం. అది ఆకాశంలో వేలుపెట్టి చూపించగల చుక్క అని వాడికేం, మా ఆయనకే తెలియదు. ఇంటికొచ్చాక నేను చూశాను, ఆ చుక్క మనకి సుమారు 65 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. మావయ్యగారికి అరవై ఆరు. అంటే ఆ రాత్రి మేం చూసిన వెలుతురు ఆయన పాలు తాగే రోజుల్లో అక్కడ బయలుదేరిందన్నమాట. పిల్లాడికి ఇవేవీ పట్టవు. "కోడి పడుకోదా తాతా?" అన్నది వాడి ప్రశ్న.

వాచ్‌మన్ తాత ఈలోగా నాలుగు కందికొమ్మలు విరిచి, ఇంటి దగ్గర కాయలు ఉప్పేసి ఉడకబెట్టించి తెచ్చాడు. పచ్చి కందికాయలు ఉడికితే పై తొక్క మెత్తబడి, కొస నొక్కగానే గింజలు జారి వేళ్ళ మీద పడతాయి. ఆ ఆట వాడికి తెగ నచ్చింది. నొక్కడం, గింజ ఎగిరిపడటం, మేనమామ నోరు తెరిచి పట్టుకోవడం. వాడి పుట్టినరోజు విందు అదే. మేం హైదరాబాద్ నుంచి తెచ్చిన కేకు డబ్బాలోనే ఉండిపోయింది, మర్నాడు టీతో పెద్దవాళ్ళం తిన్నాం. పక్కనే తాండూరు కందిపప్పుకి 2022లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది కదా, ఆ నేలలో పండిన కాయ రుచి గురించి నేను కొత్తగా చెప్పేదేముంది.

తొమ్మిదింటికి భుజం మీదే నిద్రపోయాడు. టెంట్లో మేం మాత్రం పడుకోలేదు, పన్నెండున్నర దాకా బేస్ కొడుతూనే ఉంది. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్ స్పీకర్లు వాడకూడదని 2000 సంవత్సరంలో వచ్చిన శబ్ద కాలుష్య నిబంధనలు చెప్తున్నాయి. ఊరి బయట కాబట్టి అడిగే నాథుడు లేడు. కంది చేనుకి కాపలా ఉండే మనిషీ, ఉదయాన్నే పాలు పిండాల్సిన మనిషీ మనుషులు కాదు కాబోలు.

పొద్దున చూస్తే కంచె అవతల దాకా చెత్త. మెరుపు కాగితాలు, స్నో స్ప్రే డబ్బాలు, బెలూన్ల ప్లాస్టిక్ పుల్లలు, ఎవరిదో పేరులో రెండు థర్మకోల్ అక్షరాలు. బెలూన్ పుల్లలు, అలంకరణ థర్మకోల్, ప్లాస్టిక్ ప్లేట్లు, ప్లాస్టిక్ కత్తులు, ఇవన్నీ 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధం. ఆ నిషేధం జాబితా చదువుతుంటే ఎవరో మన పుట్టినరోజు ఫంక్షన్ మర్నాడు హాలుకొచ్చి ఊడ్చి రాసినట్టే అనిపిస్తుంది. మేకలు వచ్చి ఆ మెరుపు కాగితాల్ని వాసన చూస్తుంటే వాచ్‌మన్ తాత కర్రతో తోలుతున్నాడు.

ఇది రాస్తే నాకు ఏ జవాబులు వస్తాయో ముందే తెలుసు. "క్యాంపింగ్ డబ్బున్నోళ్ళ వేషాలు" అంటారు. హాలు, కేటరింగ్, డెకరేషన్, ఫొటోగ్రాఫర్, రిటర్న్ గిఫ్టుల బిల్లు పక్కన పెట్టి మాట్లాడండి. "మన సంప్రదాయం కాదు" అంటారు. కార్తీకంలో ఉసిరిచెట్టు కింద వనభోజనాలకి ఊరంతా కదిలిపోయేది ఎవరండీ? రాత్రి ఉండటమొక్కటే కొత్త. "చుట్టాలు ఏమనుకుంటారు" అంటారు. ఇది మాత్రం నిజమే, అనుకున్నారు. మా పెద్దాడపడుచు ఇంకా సరిగ్గా మాట్లాడట్లేదు. కానీ ఫంక్షన్ ఆమె కోసమైతే ఆమె పుట్టినరోజుకే చేద్దాం, అందులో నాలుగేళ్ళవాణ్ణి బొమ్మలా నిలబెట్టడం దేనికి?

అందరికీ ఇది కుదరదనీ తెలుసు. ఆయాసం ఉన్న పిల్లలకి నెగడు పొగ పడదు. డిసెంబరులో అటువైపు చలి గట్టిగానే ఉంటుంది, నెలల పిల్లల్ని తీసుకెళ్ళడం నేనైతే చెయ్యను. అలాంటివాళ్ళు డాబా మీద చాప వేసుకున్నా చాలు. సిటీలో కూడా రోహిణి కనబడేంత వెలుగున్న చుక్కే, పిల్లలకోడి మాత్రం కష్టం.

క్యాంపులు నడిపేవాళ్ళకి వ్యాపారం చెయ్యొద్దని ఎవరూ అనట్లేదు. మహారాష్ట్రలో పెంచ్ పులుల అడవికి 2024లో డార్క్ స్కై పార్క్, అంటే రాత్రి చీకటిని కాపాడే చోటు అన్న గుర్తింపు వచ్చింది, చుట్టుపక్కల ఊళ్ళ వీధిలైట్లని వెలుతురు నేల మీదే పడేలా మార్చారు. లద్దాఖ్‌లో హాన్లే అనే ఊరి చీకటిని చూడటానికి జనం అంత ఎత్తుకి వెళ్తున్నారు. చీకటికి గిరాకీ ఉంది. వారంలో ఒక్క రాత్రి స్పీకర్ లేకుండా, తొమ్మిదికి లైట్లు ఆపేసి, కుటుంబాలకే అని పెట్టి చూడండి. వాచ్‌మన్ తాత లాంటి మనిషికి జీతం పెంచి చుక్కలు చూపించే పని ఇవ్వండి. డీజేకి ఇచ్చేదాంట్లో సగం కూడా కాదు.

పిల్లలతో వెళ్ళేవాళ్ళు బుక్ చేసేముందు ఫోన్లో అడగండి. స్పీకర్ ఎన్నింటికి ఆపుతారు, లైట్లు ఎవరు ఆపుతారు, పాము కరిస్తే ఏ ఆసుపత్రికి తీసుకెళ్తారు, రాత్రి డ్యూటీలో ఎవరుంటారు. "అవన్నీ మేం చూసుకుంటాం మేడమ్, మీరు థీమ్ ఏదో చెప్పండి" అన్నారంటే ఫోన్ పెట్టేసి ఇంకోచోట చూసుకోండి.