వీసా ఆఫీసరుకు డాక్టరేట్ ఇవ్వాలి

వలసల మీద యూరప్ విశ్వవిద్యాలయాలు చేస్తున్న కృషిని తేలిక చేసి మాట్లాడేవాళ్లంటే నాకు పడదు. ఇమిస్కో అనే పరిశోధన నెట్‌వర్కునే చూడండి. యూరోపియన్ యూనియన్ నిధులతో 2004లో మొదలైంది. ఇప్పుడు 60కి పైగా సంస్థలున్నాయి, చాలావరకు విశ్వవిద్యాలయాలే. పుస్తకాలు వేస్తారు, ఏటా మహాసభ పెడతారు. 2022లో ఆస్లో, 2023లో వార్సా, 2024లో లిస్బన్. మనుషులు ఊరెందుకు విడుస్తారు, పోయినచోట ఎలా కుదురుకుంటారు, మళ్లీ వెనక్కి వస్తారా అని ఇరవై ఏళ్లుగా తవ్వుతూనే ఉన్నారు. కథ ఇంకా కంచికి చేరలేదు.

నా బాధల్లా ఒకటే. ఆ మూడో ప్రశ్నకు జవాబు తెలిసిన మహానుభావుడు ఒకాయన ఉండగా ఆయన్ని ఒక్క సభకూ పిలవరు. ఆయనే షెంగెన్ వీసా ఆఫీసరు, అంటే యూరప్‌లో చాలా దేశాలకు కలిపి చెల్లే వీసా ఇవ్వాలో వద్దో తేల్చే ఆయన.

ఉదాహరణకు మన హైదరాబాద్ పరిశోధకుడు ఒకతను జగిత్యాల నుంచి గల్ఫ్‌కు పోయినవాళ్ల మీద పేపర్ రాశాడనుకుందాం. సభవాళ్లు మెచ్చి రమ్మన్నారు. ఇక ఫైలు కట్టడం మొదలు. ఆహ్వాన పత్రం, కాలేజీ వాళ్ల సెలవు లెటరు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, 30,000 యూరోలకు తగ్గని ఇన్సూరెన్సు, రానూపోనూ టికెట్టు బుకింగు, హోటల్ బుకింగు. ఇవి చాలవేమోనని టెన్షన్. బావమరిది సలహా మీద సీఏ సర్టిఫికెట్టు, దాని కింద నాన్న పేరున్న రెండెకరాల పట్టాదారు పాస్‌పుస్తకం జిరాక్సు. పొలం ఉన్నవాడు ఊరు వదిలిపోడని లెక్క.

అతని పేపర్లో ఉన్నదేమిటయ్యా అంటే, ఆ రెండెకరాలు అమ్మి ఏజెంటు చేతిలో పోసి దుబాయ్ విమానం ఎక్కినవాళ్ల కథ. పేపరూ పాస్‌పుస్తకం జిరాక్సూ ఒకే ఫైల్లో పక్కపక్కన పడుకుని దరఖాస్తు కేంద్రానికి వెళ్లాయి. అక్కడి అమ్మాయి పేజీలు లెక్కపెట్టి, వేలిముద్రలు తీసుకుని, 90 యూరోల ఫీజు రూపాయల్లో కట్టించుకుంది. సర్వీసు చార్జీ వేరే. తర్వాత వీసా నిరాకరణ ఫారం వచ్చింది. అచ్చేసిన కారణాల వరసలో ఒక గడికి టిక్కు: వీసా గడువులోగా తిరిగి వెళ్తారన్న మీ ఉద్దేశం మీద సహేతుకమైన సందేహాలున్నాయి.

గమనించండి, ఆఫీసరు ఇతని ముఖం చూడలేదు. ఫీల్డ్ వర్క్ లేదు, ప్రశ్నావళి లేదు. ఇదే విషయం తేల్చడానికి ప్రొఫెసర్లకు మూడేళ్ల గ్రాంటు, నలుగురు సహాయకులు, మూడొందల పేజీలు కావాలి. చివర్లో 'మరింత పరిశోధన అవసరం' అని రాసి మళ్లీ గ్రాంటుకు అప్లై చేస్తారు. ఈయన ఒక్క టిక్కుతో ముగించాడు. వలసలు ఎలా సాగుతాయో నియమాలు రాసిన భూగోళ శాస్త్రవేత్త రావెన్‌స్టీన్ 1885లో వాటిని వరసపెట్టి చెప్పుకోవాల్సి వచ్చింది, ఆఫీసరుకు ఒక్కటే నియమం. అన్నట్టు ఆ రావెన్‌స్టీన్ ఫ్రాంక్‌ఫర్ట్‌లో పుట్టి కుర్రతనంలోనే లండన్ చేరిన వలసదారు. అప్పటి బ్రిటన్‌లో అడుగుపెట్టడానికి వీసా అక్కర్లేదు. అదృష్టవంతుడు, పొలం కాగితాలు చూపించకుండానే సిద్ధాంతకర్త అయిపోయాడు.

ఇక్కడ సభవాళ్లను తప్పుపట్టలేం. వాళ్లు పిలిచారు, పాపం రెండోసారి లెటరు కూడా పంపారు. గేటు వాళ్ల చేతిలో లేదు. కాకపోతే గేటు దాటక్కర్లేని పాస్‌పోర్టులున్నవాళ్లే ముందు వరసలో కూర్చుని, గేటు గురించి ఎక్కువసేపు మాట్లాడుకుంటారు. రానివాళ్ల కోసం జూమ్ లింకు పెడితే సరిపోతుందంటారా? కాఫీ విరామంలోనే కదా పుస్తకాలకు ఒప్పందాలు, ఉద్యోగాలకు సిఫారసులు జరిగేది. జూమ్‌లో కాఫీ పొయ్యరు.

అందుకని ఆ సభ పెద్దలకు నా మనవి. వచ్చే సభలో కీలకోపన్యాసం వీసా ఆఫీసరుకు అప్పగించండి. శాలువా కప్పి గౌరవ డాక్టరేట్ ఇవ్వండి. ఆయనకు ప్రయాణ ఖర్చులుండవు, ఎక్కడున్నా ఆయన దేశమే కాబట్టి. మన హైదరాబాద్ కుర్రాడి పేపర్ను కూడా ఆయన చేతే చదివించండి, ఫైల్లో కాపీ ఎలాగూ ఉంది. ప్రశ్నల సమయంలో ఎవరైనా జగిత్యాల ఎక్కడుందని అడిగితే, దరఖాస్తు అసంపూర్ణంగా ఉందని చెప్పి కూర్చోవచ్చు. ఆ 90 యూరోలు మాత్రం మావాడు తిరిగి అడగడు, సభ రిజిస్ట్రేషన్ ఫీజు కింద జమ వేసుకోండి.